ముందు సుద్దముక్క, తర్వాతే వెల్డింగ్: తిరిగే డిస్‌ప్లే ర్యాకులపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంటాను.

షాపుల్లో చోటు కలిసొచ్చేలా తిరిగే ర్యాకులు ఎలా డిజైన్ చెయ్యాలో మాట్లాడమన్నారు. చూస్తే ఇక్కడ షాపు యజమానులున్నారు, ఫ్యాబ్రికేషన్ పనివాళ్లున్నారు, డిజైన్ చదువుకునే పిల్లలున్నారు. ముగ్గురికీ ఒకేసారి పనికొచ్చేలా మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని నేను పప్పులో కాలేసిన సంగతితో మొదలుపెడతాను. అదైతే అందరికీ నచ్చుతుంది. (నవ్వులు)

నేను చేసిన మొట్టమొదటి తిరిగే ర్యాకు 60 సెంటీమీటర్ల చదరం. నాలుగు ముఖాలు, మనిషెత్తు. షాపులో ఒక మూల ఖాళీగా ఉందన్నారు. టేపు పట్టుకుని వెళ్లి కొలిచాను, 60 హాయిగా పడుతుంది అనుకున్నాను. ర్యాకు తెచ్చి, రెండు గోడలకీ రెండేసి సెంటీమీటర్ల ఎడం వదిలి నిలబెట్టాం. యజమాని ముచ్చటపడి చెయ్యి వేసి తిప్పారు. నాలుగైదు డిగ్రీలు తిరిగిందో లేదో టక్కుమని అంచు గోడకి తగిలి ఆగింది. ఇటు తిప్పితే ఇటు టక్కు, అటు తిప్పితే అటు టక్కు. గోడ సున్నం పెచ్చు ఒకటి ఊడి ఆయన చెప్పు మీద పడింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాసేపు చూసి, "తిరిగే ర్యాకు అన్నారు కదండీ, ఇది వద్దు వద్దు అని తల ఊపుతోందేంటి?" అన్నారంతే. (నవ్వులు)

తప్పెక్కడుందో ఈపాటికి పిల్లలు కనిపెట్టేసి ఉంటారు. చదరం ఊరికే నిలబడి ఉన్నప్పుడు దానికి భుజం అంత చోటు చాలు. తిరగాలంటే మాత్రం కర్ణం అంత వ్యాసమున్న వృత్తం కావాలి. భుజాన్ని 1.414తో హెచ్చవేస్తే అది వస్తుంది. 60 సెంటీమీటర్ల చదరానికి దాదాపు 85. అంటే నడి మధ్య నుంచి గోడకి 42న్నర ఉండాలి, నేను వదిలింది 32. బళ్లో చదివిన లెక్కే, కానీ టేపు పట్టుకున్నప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ రోజు నుంచీ నా సంచిలో మూడు వస్తువులు తప్పకుండా ఉంటాయి. ఒక మేకు, ఒక దారం, ఒక సుద్దముక్క. షాపుకి వెళ్లగానే ర్యాకు బొమ్మ గియ్యను. ర్యాకు నడిమి ఎక్కడ వస్తుందో అక్కడ మేకు ఆనించి, దారం కట్టి, నేల మీద గుండ్రంగా గీత గీస్తాను. గీసిన వృత్తం చుట్టూ ఇంకో ఐదు సెంటీమీటర్లు వేళ్లకోసం వదులుతాను. అప్పుడు యజమానిని ఆ గీత పక్కన నిలబడమంటాను. "ఇక్కడ నిలబడి వస్తువు చూస్తున్నారనుకోండి, మీ వెనక నుంచి ఇంకో మనిషి వెళ్లగలడా?" అని అడుగుతాను. సగం డిజైన్ అక్కడే తేలిపోతుంది. కొన్నిసార్లు ర్యాకే వద్దని తేలుతుంది, ఆ రోజు నాకు పని పోతుంది. అయినా సరే, చేసిన తర్వాత గోడకి కొట్టుకోవడం కన్నా అదే నయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తిరిగే ర్యాకు చోటు మిగులుస్తుంది అని అందరూ అంటారు. ఏ చోటు? ఎంత? లెక్క వేద్దాం. దయచేసి కాస్త ఓపిక పట్టండి, ఇంతకన్నా పెద్ద లెక్క ఈ రోజు ఉండదు.

పది సెంటీమీటర్ల లోతు సరిపోయే వస్తువులు అనుకుందాం. గ్రీటింగ్ కార్డులు, ఫోన్ కవర్లు, కళ్లజోళ్లు, అలాంటివి. 60 సెంటీమీటర్ల చదరంలో వీటిని పెడితే ఒక్కో ముఖం మీద 50 సెంటీమీటర్లే నిజంగా వాడుకోగలం. మిగతా పది పక్క ముఖం వస్తువుల లోతుకి పోతుంది. కాబట్టి నాలుగు ముఖాలకీ కలిపి 200 సెంటీమీటర్లు. ఇదే సరుకుని గోడకి ఆనించిన మామూలు ర్యాకులో పెడితే 200 పొడవు, 10 లోతు. దాని ముందు మనిషి నిలబడటానికి 90 సెంటీమీటర్ల దారి వదలాలి. మొత్తం 2 చదరపు మీటర్లు. తిరిగేదానికి వృత్తం 85, వేళ్ల ఎడంతో కలిపి 95కి 95 చదరపు చోటు. దాని ముందు అదే 90 దారి. మొత్తం కూడితే సుమారు 1.76 చదరపు మీటర్లు.

చూశారా? నేల మీద మిగిలింది పావు చదరపు మీటరు. దీనికోసమా ఇంత హడావిడి అనిపిస్తుంది. నిజానికి ర్యాకుని మాత్రమే తీసుకుంటే, తిరిగేది మామూలుదానికన్నా నాలుగు రెట్లకు పైగా నేల తింటోంది. కానీ గోడ సంగతి చూడండి. మామూలు ర్యాకుకి 200 సెంటీమీటర్ల గోడ కావాలి, తిరిగేదానికి 95 చాలు. మీటరు పైన గోడ ఖాళీ అయింది. షాపు నడిపేవాళ్లని అడగండి, వాళ్లకి కరువు నేల కాదు, గోడ. నేల మీద ఎలాగోలా సర్దుకుంటారు. కిటికీ, తలుపు, స్విచ్‌బోర్డు, స్తంభం, కౌంటరు, ఇవన్నీ పోగా మిగిలే గోడ మీదే యుద్ధమంతా. తిరిగే ర్యాకు గోడని మడతపెట్టి ఇస్తుంది. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఈ ఒక్క మాట. డిజైన్‌లో మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వస్తాయి.

ఉదాహరణకి, షాపు నడిమధ్యలో, నాలుగు వైపులా మనిషి తిరగ్గలిగే చోట తిరిగే ర్యాకు కావాలని అడుగుతుంటారు. అక్కడ దాని అవసరం ఏముంది? మనిషే చుట్టూ తిరుగుతాడు కదా. అక్కడ బిగించిన ర్యాకు పెట్టండి, బేరింగ్ ఖర్చు తప్పుతుంది, ఊగిసలాట తప్పుతుంది. ర్యాకు తిరగాల్సింది మనిషి వెనక్కి వెళ్లలేని చోట. మూలలో, స్తంభం పక్కన, కౌంటరు చివర, మెట్ల కింద.

ఇంకో చిక్కు కూడా ఉంది. 200 సెంటీమీటర్ల మామూలు ర్యాకు ముందు ముగ్గురు పక్కపక్కనే నిలబడి చూడొచ్చు. తిరిగేదాని ముందు ఒక్కరే. ఇంకొకరు వచ్చి తిప్పారా, మొదటివాళ్లు చూస్తున్న వస్తువు కళ్ల ముందు నుంచే జారిపోతుంది. ఇద్దరూ మొహమాటంగా ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు, ఎవరో ఒకరు వెళ్లిపోతారు. కాబట్టి జనం ఎగబడి కొనే సరుకుని ఇందులో పెట్టకండి. తీరిగ్గా ఒక్కరే నిలబడి ఎంచుకునే సరుకు దీనికి సరిపోతుంది.

సరే, ఎన్ని ముఖాలుండాలి? ఇది విద్యార్థులు ఎక్కువగా అడిగే ప్రశ్న. ముఖాలు పెరిగితే చోటు బాగా పెరుగుతుందని అనుకుంటారు. అంత ఏమీ పెరగదు. 80 సెంటీమీటర్ల వృత్తంలో త్రిభుజం పెడితే మూడు ముఖాల మొత్తం 208 సెంటీమీటర్లు. చదరం పెడితే 226. ఆరు ముఖాలైతే 240. ఎనిమిదైతే 245. పూర్తి గుండ్రం చేసినా 251 దాటదు. చదరం నుంచి ఆరు ముఖాలకి వెళ్తే పెరిగేది 14 సెంటీమీటర్లే, ముఖం వెడల్పు మాత్రం 56 నుంచి 40కి పడిపోతుంది. అందుకని వస్తువు వెడల్పుని బట్టి ముఖం, ముఖాన్ని బట్టి వాటి సంఖ్య. పుస్తకాలకీ, ప్యాకెట్లకీ నాలుగు. కీచైన్లు, హెయిర్‌క్లిప్పులు లాంటి చిన్నవాటికి ఆరు, ఎనిమిది. త్రిభుజం నేను ఒక్కసారే చేశాను. మూడు కోణాలూ బాకుల్లా పొడుచుకొస్తాయి. మళ్లీ చెయ్యలేదు.

ఇక్కడే చాలామంది దెబ్బతినే విషయం ఒకటుంది. ముఖం కొలుస్తారు, హుక్కు కొలవరు. 60 సెంటీమీటర్ల డబ్బా చేసి దాని నాలుగు ముఖాలకీ బయటికి 15 సెంటీమీటర్ల హుక్కులు బిగిస్తారు. ఇప్పుడు తిరిగే వృత్తం 85 కాదు, 108. సుద్ద గీత దాటి దారిలోకి వచ్చేస్తుంది. దానికి విరుగుడు పిల్లలు కాగితంతో చేసే గాలిపంకా. గుర్తుందా, మేకుకి గుచ్చి పట్టుకుని పరిగెత్తేవాళ్లం. చదరం నడిమధ్యలో చిన్న చదరపు స్తంభం నిలబెట్టండి. దాని ఒక్కో వైపు నుంచి ఒక్కో పలక, ఒక మూల దాటి బయటి అంచుదాకా సాగేలా బిగించండి. నాలుగూ ఒకే దిశలో సాగాలి. ప్రతి పలక ముందూ హుక్కు లోతుకి సరిపడా చోటు ఉంటుంది, పక్క పలక చివర దానికి ఒక పక్క గోడలా కాపు కాస్తుంది. హుక్కులన్నీ 60 చదరం లోపలే ఉండిపోతాయి. ఇందాక ఒక్కో ముఖానికి 50 సెంటీమీటర్లు అన్నాను కదా, అది ఈ అమరికలోనే. 15 సెంటీమీటర్ల హుక్కు పెట్టాలంటే ముఖం 45కి తగ్గుతుంది, నాలుగూ కలిపి 180. లోతు పెరిగేకొద్దీ తిరిగే ర్యాకు లాభం కరిగిపోతూ ఉంటుంది. 25, 30 సెంటీమీటర్ల లోతున్న సరుకు తెచ్చి దీంట్లో పెట్టమంటే నేను వద్దనే చెప్తాను.

ఇక ర్యాకుకి ప్రాణం లాంటిది బేరింగ్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

తిరిగే అర కొత్తదేమీ కాదు. చైనాలో బౌద్ధ గ్రంథాలు దాచడానికి గుడుల్లో మనిషెత్తుకి మించిన తిరిగే బీరువాలు కట్టారు. 1103లో సాంగ్ రాజుల కాలంలో అచ్చయిన భవన నిర్మాణ గ్రంథంలో వాటి కొలతలు కూడా ఇచ్చారు. బీరువాని ఒక్క చుట్టు తిప్పితే అందులోని గ్రంథాలన్నీ చదివినంత పుణ్యం అని నమ్మేవాళ్లు. మా పిల్లలకి చెప్తే పరీక్షలకి అలాంటిదొకటి చేసిపెట్టమన్నారు. (నవ్వులు) మనకి కావలసింది పుణ్యం కాదు, దాని ఇరుసు. ఆ బీరువాల మధ్యలో నిలువునా ఒక దూలం ఉంటుంది. దాన్ని కిందా పట్టి ఉంచుతారు, పైనా పట్టి ఉంచుతారు. రెండు చోట్ల పట్టు. తొమ్మిది వందల ఏళ్ల కిందటి వడ్రంగికి తెలిసిన ఈ సంగతిని ఇవాళ మనం మర్చిపోయి, మనిషెత్తు ర్యాకుని అడుగున ఒకే ఒక్క పళ్లెం బేరింగ్ మీద, అంటే మధ్యలో గోళీలుండే రెండు పళ్లేల మీద, నిలబెడుతున్నాం.

దానివల్ల ఏమవుతుందో చూడండి. 15 సెంటీమీటర్ల పళ్లెం బేరింగ్‌లో అర మిల్లీమీటరు లూజు ఉందనుకుందాం. అర మిల్లీమీటరు అంటే గోరు మందం. బేరింగ్ దగ్గర అసలు తెలియదు. కానీ 180 సెంటీమీటర్ల ఎత్తుకి వెళ్లేసరికి అది పన్నెండు రెట్లై ఆరు మిల్లీమీటర్ల ఊగులాట అవుతుంది. మనిషి చెయ్యి వేస్తే పైభాగం ఊగుతుంది. ఊగిందంటే పడుతుందేమో అని చెయ్యి తీసేస్తాడు. 30 సెంటీమీటర్ల పళ్లెం వేస్తే ఆ ఊగు మూడు మిల్లీమీటర్లకి తగ్గుతుంది. దానికన్నా మంచి దారి, అడుగున బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ ఒకటి, దానికి 120 సెంటీమీటర్ల పైన పైపుని ఊగకుండా పట్టుకునే ఉంగరం లాంటి బుష్ ఒకటి. అదే అర మిల్లీమీటరు లూజు ఉన్నా పైన ముప్పావు మిల్లీమీటరుకి మించదు. నిలువు పైపు బేస్‌కి వెల్డ్ చేసి ఉంటుంది, అది తిరగదు. దాని మీద ఇంకో పైపు తొడుగులా దిగి తిరుగుతుంది. పని ఎక్కువే, కానీ పదేళ్లు నిలుస్తుంది. కౌంటరు మీద పెట్టే జానెడు, మూరెడు స్టాండ్లకి మాత్రం పళ్లెం బేరింగ్ చాలు, వాటికి ఇంత హంగామా అక్కర్లేదు.

ఇప్పుడు దెయ్యం కథ. ఒక షాపు యజమాని ఫోన్ చేశారు. "మీరు చేసిన ర్యాకు రాత్రిళ్లు తిరుగుతోందండీ" అన్నారు. ఆయన గొంతులో సగం నవ్వు, సగం టెన్షన్. రాత్రి మూసేటప్పుడు కళ్లజోళ్ల ముఖం తలుపు వైపు తిప్పి వెళ్తారట. పొద్దున వచ్చేసరికి అది గోడ వైపు ఉంటోంది, కీచైన్లు ముందుకు వచ్చి ఉంటున్నాయి. రోజూ అంతే. పనివాళ్లు ఎవరో ఆట పట్టిస్తున్నారని ఒకరోజు ఆయనే తాళం వేసుకుని వెళ్లారు. పొద్దున మళ్లీ కీచైన్లే.

వెళ్లి నేల మీద రసమట్టం పెట్టాను. బుడగ పక్కకి పోయింది. కడిగిన నీళ్లు బయటికి పోవడానికి నేలని తలుపు వైపు వాలుగా వేశారు, మీటరుకి ఒక సెంటీమీటరు. నాలుగు ముఖాల్లో మూడింటి మీద ప్లాస్టిక్, కాగితం. నాలుగోదాని మీద ఇత్తడి కీచైన్లు, మిగతావాటికన్నా ఓ ఐదు కిలోలు ఎక్కువ. బరువైన పక్క వాలు వైపుకి, అంటే తలుపు వైపుకి జారుతోంది. నేనేమో మంచి బేరింగ్ వేశానని గొప్పగా గ్రీజు కూడా దట్టించాను. ర్యాకు అంచు దగ్గర ముప్పై గ్రాముల బలం తగిలినా కదిలేంత తేలిగ్గా ఉంది. వాలు వల్ల ఆ ఐదు కిలోలు పుట్టించే బలం కూడా సరిగ్గా అంతే. షట్టరు మూసిన కుదుపుకి కదలడం మొదలుపెట్టి, రాత్రంతా తాపీగా తిరుగుతోంది.

అందువల్ల మరీ తేలిగ్గా తిరగడం గొప్ప కాదని అప్పుడు తెలిసింది. బొంగరం కాదు కదా మనం చేస్తున్నది. ఇప్పుడు బుష్ దగ్గర ఒక నైలాన్ వాషరు వేసి, కొంచెం బిగువు ఉంచుతాను. స్ప్రింగ్ త్రాసు హుక్కుని ర్యాకు అంచుకి తగిలించి మెల్లగా లాగుతాను. రెండు, మూడు వందల గ్రాముల దగ్గర కదలాలి. అంతకన్నా తక్కువకే కదిలితే బిగిస్తాను, ఎక్కువైతే వదులు చేస్తాను. బేస్ కింద మట్టం సరిచేసే స్క్రూ కాళ్లు నాలుగూ తప్పనిసరి. ఇంకోటి, ర్యాకు చేసేవాడు సరుకు సర్దేవాడికి కూడా ఒక మాట చెప్పి రావాలి. బరువైనవి ఎదురెదురు ముఖాల మీద, వీలైనంత కింది అరల్లో పెట్టమని.

ఆ బిగువు వల్ల ఇంకో మేలు ఉంది. పిల్లలు. తిరిగే వస్తువు కనిపిస్తే పిల్లలు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. జోరుగా తిప్పితే ఏమవుతుంది? మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు రెండు సెకన్లకి ఒక చుట్టు తిరిగితే, దాన్ని బయటికి లాగే బలం దాని బరువులో పదింట నాలుగు వంతులు. నాలుగు సెకన్లకి ఒక చుట్టైతే పదో వంతే. వేగం సగమైతే బలం పావు అవుతుంది. అరలని లోపలికి 10 డిగ్రీలు వాల్చి బిగిస్తే, అర ఎంత నున్నగా ఉన్నా మూడు సెకన్లకి ఒక చుట్టు దాకా వస్తువు కదలదు. హుక్కులకి కూడా కొనలు కాస్త పైకి లేచి ఉండాలి. 10 డిగ్రీల వాలుకి పైసా ఖర్చు లేదు, బ్రాకెట్ వంచేటప్పుడే వంచేస్తే సరి. చాలా ర్యాకుల్లో ఇది ఎందుకుండదో నాకు అర్థం కాదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి, హుక్కు కొనలు. పెద్దవాళ్ల నడుం ఎత్తులో ఉన్న హుక్కు పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది. అది కదులుతూ ఉంటుంది కూడా. కొనకి ఉండ వేయించండి, లేదా కమ్మీని వెనక్కి వంచి ఉంగరంలా చుట్టించండి. కత్తిరించి వదిలేసిన కమ్మీని నా వర్క్‌షాపు గడప దాటనివ్వను. తిరిగే భాగానికీ తిరగని భాగానికీ మధ్య ఎడం విషయంలో కూడా ఇంతే పట్టుదలగా ఉంటాను. వేలు అసలు దూరనంత సన్నగా ఉండాలి, లేదా దూరినా నలగనంత వెడల్పుగా ఉండాలి. యంత్రాల భద్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 13854 వేలికి 25 మిల్లీమీటర్లు అడుగుతుంది. ప్రమాదమంతా మధ్యరకం సందులోనే.

పడిపోవడం గురించి కూడా చెప్పాలి. సరుకుతో కలిపి 60 కిలోలున్న ర్యాకు, బేస్ 60 చదరం అనుకోండి. 150 సెంటీమీటర్ల ఎత్తులో 12 కిలోల బలంతో తోస్తే ఒక పక్క లేస్తుంది. 12 కిలోలంటే పెద్ద బలమేమీ కాదు, తూలిపడబోయిన మనిషి ఆసరాకి పట్టుకుంటే చాలు. బేస్‌ని 80 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెంగా చేస్తే అది 16కి పెరుగుతుంది. ఎలాగూ 85 వృత్తం వదిలేశాం కదా, ఆ చోటు బేస్‌కి వాడుకోవడమే. బేస్ అడుగున ఇనుప పలకో, కాంక్రీటో నింపి బరువు కలిపితే ఇంకా మంచిది. ఒకవేళ పైన సీలింగ్‌కి గానీ గోడకి గానీ పట్టు దొరికితే వదులుకోకండి.

చక్రాలు పెట్టమంటారు కొందరు, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చని. తిరిగే ర్యాకుకి చక్రాలు పెడితే తిప్పబోయిన ప్రతిసారీ ర్యాకు మొత్తం బయల్దేరుతుంది. బ్రేకులున్న చక్రాలైతే సరేగానీ, ఆ బ్రేకు వేసేది ఎవరు?

చెక్కా ఇనుమా అంటే, బరువు చూసుకోండి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, అంటే చెక్కపీచుని జిగురుతో అదిమి చేసే పలక, 60 వెడల్పు, 180 ఎత్తు, ఒక్కోటి పద్నాలుగున్నర కిలోల పైనే. నాలుగు పలకలకి దాదాపు 58 కిలోలు, ఇంకా సరుకు పెట్టకముందే. తిప్పితే కదలదు, కదిలితే ఆగదు. నేను సన్న సెక్షన్ పైపు చట్రం, కమ్మీ జాలీ వైపే మొగ్గుతాను. జాలీ అయితే వెనక ముఖం మీద వస్తువులు కూడా కాస్త కాస్త కనిపిస్తాయి. దానికో కారణం ఉంది, అది చెప్పి ముగిస్తాను.

అన్నీ సరిగ్గా చేసిన ర్యాకు కూడా ఓడిపోయే చోటు ఒకటుంది. అది తిరుగుతుందని చూసేవాళ్లకి తెలియకపోవడం. ఒకసారి నేనే చేసిన ర్యాకు ఎదురుగా ఒక స్టూలు వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. వచ్చినవాళ్లు ముందున్న ముఖం చూశారు. కొందరు మెడ సాచి పక్క ముఖంలోకి తొంగి చూశారు. ఒకావిడ గోడకీ ర్యాకుకీ మధ్య సందులో చెయ్యి పెట్టి మరీ వెనకున్న వస్తువు తీసుకున్నారు. తిప్పినవాళ్లు చాలా తక్కువ. ర్యాకు మీద చెయ్యి వెయ్యడానికి అనువైన చోటే లేదు మరి. వస్తువులని పట్టుకుని తిప్పాలా, అవి రాలితే? ఆ మొహమాటం వాళ్ల ముఖాల్లో కనపడింది.

అప్పటి నుంచీ పాత ర్యాకులు బాగుచెయ్యడానికి వెళ్లినప్పుడు ముందు జిడ్డు మరకలు చూస్తాను. జనం ఎక్కడ పట్టుకుని తిప్పుతున్నారో పెయింటే చెప్తుంది. దాదాపు ప్రతిసారీ నిలువు అంచు మీద, ఛాతీకీ నడుముకీ మధ్య. కాబట్టి పిడి అక్కడే ఉండాలి. నేను నాలుగు అంచులకీ గుండ్రటి పైపు నిలువునా వేసి, ర్యాకు రంగుకి పూర్తి భిన్నమైన రంగు పూస్తాను. "తిప్పండి" అని బోర్డు రాయడం కన్నా ఇది బాగా పనిచేస్తుంది. జాలీ లోంచి వెనక వస్తువు రంగు కనిపిస్తే చెయ్యి దానంతట అదే ముందుకెళ్తుంది.

పిడి నిలువునా పొడుగ్గా ఉండటం వల్ల కూర్చున్నవాళ్లకి కూడా అందుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ల చెయ్యి అందే ఎత్తుని అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం, అదే ఏడీఏ, ప్రమాణాలు 38 నుంచి 122 సెంటీమీటర్లుగా పెట్టాయి. ర్యాకు 180 ఎత్తు ఉండొచ్చు, కానీ ఒక రకం వస్తువు పై అరలోనే ఉండి కింద ఎక్కడా లేకపోతే వాళ్లకి ఆ వస్తువు లేనట్టే.

ఇక ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: చదరం ర్యాకు ఎప్పుడూ వంకరగా ఆగి, మూల దారిలోకి పొడుచుకొస్తోంది. ఏం చెయ్యాలి?)

మంచి ప్రశ్న, చెప్పడం మర్చిపోయాను. తిరిగే పైపు అడుగున నాలుగు గాడులున్న పళ్లెం వెయ్యండి, స్ప్రింగుతో నొక్కి ఉంచిన చిన్న రోలరు ఆ గాడిలో పడేలా అమర్చండి. ముఖం ఎదురుగా రాగానే మెత్తగా కూర్చుంటుంది. గాడి లోతుగా కాదు, వెడల్పుగా ఉండాలి. లోతైతే ప్రతిసారీ కుదుపు, కుదుపుకి వస్తువులు రాలతాయి. ఇందాకటి దెయ్యానికి కూడా ఇదే మంత్రం.

(ఇంకొకరు: ఒక్కో అర విడివిడిగా తిరిగితే ఇద్దరు ఒకేసారి చూసుకోవచ్చు కదండీ?)

చూసుకోవచ్చు. కిందా పైనా రెండు భాగాలుగా చేశాను, బాగానే నడిచింది. నాలుగైదు భాగాలు చేస్తే మాత్రం ఒక్కోటి ఒక్కో దిక్కు చూస్తూ చిందరవందరగా కనిపిస్తుంది, ప్రతి రెండిటి మధ్యా ఇందాక చెప్పిన వేలి సందు ఒకటి. రెండు దగ్గర ఆగండి.

(మరొకరు: మోటారు పెట్టి దానంతట అదే తిరిగేలా చేస్తే? లైట్లు కూడా పెట్టి?)

అద్దాల పెట్టెలో పెట్టి చూపించే వస్తువుకైతే మోటారు బాగుంటుంది, నిమిషానికి ఒకటి రెండు చుట్లు. చెయ్యి పెట్టి తీసుకునే ర్యాకుకి వద్దు. చెయ్యి చాచేలోపు వస్తువు వెళ్లిపోతుంది. లైట్లంటే, తిరిగేదాంట్లోకి వైరు తీసుకెళ్తే మెలికపడి తెగుతుంది, తెగకుండా ఉండాలంటే స్లిప్ రింగ్ కావాలి, అంటే తిరిగేదానికి వైరు మెలికపడకుండా కరెంటు అందించే ఉంగరం. పైన సీలింగ్‌కి ఒక దీపం బిగించి ర్యాకు మీదకి వాలిస్తే ఆ గొడవే లేదు.

(వెనక వరుస నుంచి: మీ మొదటి ర్యాకు ఏమైందండీ? తల ఊపినది?)

(నవ్వులు) అడుగుతారని తెలుసు. మూలలోంచి 16 సెంటీమీటర్లు ముందుకి జరిపాం, ఐదు సెంటీమీటర్ల ఎడంతో సహా చక్కగా తిరిగింది. కానీ ముందుకి జరిపేసరికి కౌంటరుకీ దానికీ మధ్య యజమాని పట్టలేదు, కొంచెం భారీ మనిషి. చివరికి నా ఖర్చుతో ఆయన కౌంటరు ఒక జానెడు కోయించి అంచు మళ్లీ కట్టించాను. ఆ కోసిన ముక్క నా వర్క్‌షాపులోనే ఉంది. దాని మీద గ్రీజు డబ్బా పెట్టుకుంటాను.